రీస్టార్ట్ చేస్తే ఏం పోదని నేనే చెప్పిన

మేము ఇల్లు మారుతున్న సంగతి మీకు ఇంకా తెల్వదు గానీ, కోదాడల మాత్రం అందరికీ తెలిసిపోయింది. మా అత్తమ్మకు నేను నోటితోని చెప్పకముందే, అక్కడి రిటైర్డ్ ఉద్యోగులందరికీ గోడ మీద పెద్దగ ఏసి చూపించిన. చాయ్ తాగుకుంట వినండి, చెప్త. నవ్వొస్తే నవ్వండి, నేనేం అనుకోను. ఆనాటిసంది మా ఇంట్ల అందరూ అదే పని మీదున్నరు.

నేను సూర్యాపేటల ప్రైవేట్ డిగ్రీ కాలేజీల పిల్లలకు కంప్యూటర్ చెప్తనని మీకు తెలుసు. మా ఆయనకు దామరచర్ల కాడ పవర్ ప్లాంట్ల ఉద్యోగం. సూర్యాపేట నుంచి మిర్యాలగూడ, ఆడికెళ్లి మళ్ల దామరచర్ల. పొద్దుగాల పాప లేవకముందే పోతడు, వచ్చేసరికి పాప సగం నిద్రల ఉంటది. ఒకనాడు అది "డాడీ మనింటికి మళ్ల ఎప్పుడొస్తడు" అని అడిగింది. ఆ మాటతోని ఇద్దరం గట్టిగ అనుకున్నం, మిర్యాలగూడకు మారిపోదామని. నాకు గూడ అక్కడి కాలేజీల ఒక ఉద్యోగం దాదాపు ఖాయమైంది. ఇగ మిగిలింది ఒక్కటే. అత్తమ్మకు చెప్పుడు.

అత్తమ్మ అంగన్‌వాడీ టీచర్‌గ చేసి రిటైరయింది. సూర్యాపేటల మేముండేది కిరాయి ఇల్లే గానీ, ఆ గల్లీ మొత్తం ఆమెదే. ఏ ఇంట్ల పిల్లకు జరమొచ్చినా, ఎవరి కోడలు కాన్పుకు పోయినా ముందు ఆమెకే తెలుస్తది. పొద్దున గేటు కాడ నిలబడితే కూరగాయల బండామె దగ్గర్నుంచి స్కూలు ఆటో అతని దాకా ఆగి, రెండు మాటలు మాట్లాడి పోవాల్సిందే. మా ఆయన వాళ్ల నాయిన పోయినంక ఆమెకు ఆ గల్లీనే ధైర్యం. అట్లాంటి మనిషిని ఆడికెళ్లి లేపుకపోతమని ఎట్ల చెప్పాలె? మేము పోతున్నమంటే ఇడిసిపెట్టి పోతున్నరనుకుంటదేమో. నువ్వు గూడ రా అంటే ఈ వయసుల నన్ను తిప్పుతున్నరనుకుంటదేమో. రెండు దిక్కులా భయమే.

"నువ్వే చెప్పు స్వప్నా. నీ మాటైతే అమ్మ వింటది" అన్నడు మా ఆయన.

"మీ అమ్మకు మీరు చెప్పాలె గానీ" అన్న నేను.

అటు తిరిగి ఇటు తిరిగి అది నా మీదనే పడ్డది. సరే, నేనే చెప్త, కానీ నేను చెప్పేదాక మీరు ఆమె ముంగట నోరు మెదపొద్దని ఒట్టు పెట్టించుకున్న. ఆయన తల ఊపిండు.

చెప్దామని ఎన్నోసార్లు ఆమె ఎదురుంగ పోయి కూసున్న. "అత్తమ్మా" అంటే ఆమె తలెత్తి చూస్తది. ఆ చూపు చూడంగనే నా నోట్ల మాట వేరే అయిపోతది. "కూరల ఉప్పు సరిపోయిందా" అని అడిగి లేచొస్త. అట్ల మా ఇంట్ల ఉప్పు గురించి చాన చర్చ జరిగింది.

ఆమెకు చెప్పలేక నేను చేసిన పనేందంటే, లాప్‌టాప్ ముంగట కూసునుడు. మిర్యాలగూడల కిరాయి ఇండ్లు చూసుడు, సామాన్లు తీస్కపోయే వ్యాన్లు చూసుడు, పాపకు స్కూళ్లు చూసుడు. ఒక్కటి గూడ మూసేది లేదు, మళ్ల చూద్దామని అన్నీ అట్లనే తెరిచి పెట్టుడు. బ్రౌజర్ పైన ట్యాబులు సంతల బండ్ల లెక్క ఒకదాన్నొకటి ఆనుకొని నిలబడ్డయి.

దాని మూల మీద ఒక చిన్న గుర్తు చాన రోజులసంది వెలుగుతనే ఉంది. సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చింది, రీస్టార్ట్ చేయమని. నేను వాడేది ఓపెన్ సోర్స్ బ్రౌజర్, అంటే దాని లోపలి కోడ్ ఎవరైనా చూడొచ్చు. క్లాసుల పిల్లలకు నేనే చెప్త, అప్‌డేట్ వచ్చిన రోజే ఏసుకోవాలె, రేపటికి పెట్టొద్దని. నా దాంట్ల మాత్రం ఆ గుర్తు కనిపించినప్పుడల్లా "తర్వాత" అని నొక్కిన. రీస్టార్ట్ చేస్తే నా ఇండ్లన్నీ ఏడికి పోతయో అని లోపల ఒక పీకుడు. పోవని తెలుసు. అయినా నొక్కబుద్ధి కాలె.

గిట్ల ఉండంగ కోదాడ మామయ్య ఫోన్ చేసిండు. అత్తమ్మకు సొంత అన్న. హెడ్మాస్టర్‌గ రిటైరై, అక్కడి రిటైర్డ్ ఉద్యోగుల సంఘానికి పెద్దగ ఉన్నడు.

"అమ్మా స్వప్నా, మావాళ్లందరికీ ఫోన్లు, కంప్యూటర్లు ఉన్నాయి గానీ భయం తీరట్లేదు. ఏది నొక్కితే ఏం పోతుందోనని ఉంటున్నారు. ఆదివారం వచ్చి ఓ గంట చెప్పిపోతావా?"

"వస్త మామయ్యా, దానికేముంది" అన్న.

పక్కన ఇంటున్న అత్తమ్మ "నేను గూడ వస్త. అన్నను సూసినట్టయితది, నువ్వు చెప్పేది ఇన్నట్టయితది. నా కోడలు పాఠం చెప్తుంటే నేనెన్నడు సూడలే" అన్నది. ఆ మాటకు నాకు సంబురమైంది. ఆదివారం పాపను వాళ్ల డాడీకి అప్పజెప్పి ఇద్దరం బస్సెక్కినం. అత్తమ్మ జరీ అంచు చీర కట్టుకుంది. బస్సుల పక్కసీటామెకు "మా కోడలు, పెద్దోళ్లకు కంప్యూటర్ చెప్పనీకి పోతుంది" అని అడగకముందే చెప్పింది.

సంఘం భవనంల హాలు నిండా జనమున్నరు. ప్రొజెక్టర్ పెట్టి తెల్లగోడ మీదికి కొట్టిన్రు. ముందు వరసల మామయ్య, ఆయన పక్కన అత్తమ్మ, అత్తమ్మ పక్కన తెలుగు పండిట్‌గ రిటైరైన ఒక పెద్దాయన. అందరు ఆయన్ను పంతులుగారు అంటున్నరు. ఆయనకొక అలవాటుంది. కండ్ల ముందు ఏ అక్షరం కనిపించినా పైకి చదువుతడు. నేను గోడ మీద మొదటి పేజీ ఏయంగనే "సురక్షితంగా... ఇంటర్నెట్... వాడటం... ఎలా" అని క్లాసు పిల్లలకు డిక్టేషన్ చెప్పినట్టు చదివిండు. బాగుందే, వెనకోళ్లకు గూడ వినిపిస్తది అనుకున్న.

నేను జాగ్రత్తమనిషినే. ఇంట్లనే ముందుచూపుతోని ఇండ్ల సంగతులున్న విండోను కిందికి దించేసిన. క్లాసు కోసం శుభ్రంగ ఒక కొత్త విండో తెరుచుకొని వచ్చిన. గోడ మీద అదొక్కటే కనిపిస్తది. లోపల ఇంకోటి ఉన్నదని నాకు తప్ప ఎవరికీ తెల్వదు.

క్లాసు మంచిగనే నడిచింది. అప్‌డేట్ అంటే ఏందో చెప్పేటప్పుడు వాళ్లకు తెలిసిన తీరుగ చెప్పిన.

"సాగర్ కాలువకు గండి పడ్డదనుకోండి. ఎక్కడ పడ్డదో కనిపెట్టి మట్టి పోస్తరు గద. బ్రౌజర్ల గూడ అట్లాంటి గండ్లు బయటపడ్తుంటయి. చేసినోళ్లు మట్టి పంపిస్తరు, అదే సెక్యూరిటీ అప్‌డేట్. ఓపెన్ సోర్స్ బ్రౌజర్ అయితే కోడ్ అందరికీ కనిపిస్తది, కాబట్టి గండి తొందరగ దొరుకుతది. కానీ ఒక్క మాట. మట్టి పంపిన్రంటేనే గండి ఎక్కడుందో దొంగకు గూడ తెలిసినట్టు. ఇగ ఆ మట్టి మీరు మీ దగ్గర పోసుకోకపోతే నష్టం మీకే."

తలలూపిన్రు. అత్తమ్మ అయితే చుట్టూ చూసింది, అందరు ఇంటున్నరా లేదా అని. నాకు ఇంకో నాలుగు మాటలు చెప్పాలన్న హుషారొచ్చింది.

గప్పుడు పంతులుగారు చెయ్యెత్తిండు. "అమ్మా, చిన్న సందేహం. ఆ మూల పచ్చగా ఒక చుక్క వెలుగుతోంది. అది అప్‌డేట్ గుర్తని ఇందాక మీరే చెప్పారు. మరి మీ దాంట్లో మట్టి పోసుకోలేదా?"

హాలు మొత్తం ఆ చుక్క దిక్కు చూసింది. నేను గూడ చూసిన, అప్పుడే కనిపించినట్టు. తడబడితే పరువు పోతదని వెంటనే అన్న:

"కావాలనే ఉంచిన సార్. మీ ముంగటనే చేసి చూపిద్దామని."

"రీస్టార్ట్ అంటోంది కదమ్మా. మనం తెరిచినవి పోతాయేమోనని నేను ఎప్పుడూ నొక్కను" అన్నడు ఆయన.

"అందరికీ ఉండే భయమే సార్ అది. ఏం పోదు. మీరు ఏమేం తెరిచి పెట్టిన్రో అన్నీ, ఉన్నయి ఉన్నట్టు, మళ్ల మీ కండ్ల ముందుకొస్తయి. చూడండి" అని నొక్కిన.

ఆ నొక్కిన క్షణంల నాకు ఏ అనుమానం రాలే. అదే నాకు ఇప్పటికీ అర్థంకాని సంగతి.

బ్రౌజర్ మూసుకుంది. గోడ మీద కాసేపు చిన్న గీత అటూ ఇటూ నడిచింది. మళ్ల తెరుచుకుంది. నేను చెప్పినట్టే ఒక్కటి గూడ పోలే. క్లాసు విండో వచ్చింది, దాని మీదికి ఇంట్ల దాచిపెట్టొచ్చిన విండో వచ్చి కూసుంది.

గోడంత ఇల్లు. మెట్లు, గేటు, ముందు ఒక మందార చెట్టు. దాని కింద అక్షరాలు. పంతులుగారు ఊకుంటడా?

"మిర్యాలగూడలో... డబుల్ బెడ్రూం ఇల్లు... అద్దెకు. చిన్న కుటుంబానికి... మాత్రమే."

నా చెయ్యి దానంతటదే పోయి ఆ ట్యాబ్ మూసేసింది. విండో మొత్తం ఒకేసారి మూసేస్తే అయిపోతుండె. రోజు పిల్లలకు చూపించేదే. ఆ టైంల తోచలె. ఒకటి మూసిన, దాని పక్కది వచ్చింది.

"సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు... ఇంటి సామాన్ల... వ్యాన్లు."

అది మూసిన. పాప స్కూలు వచ్చింది. అది గూడ చదివిండు. నేను అత్తమ్మ దిక్కు చూడకుండ లాప్‌టాప్ దిక్కే చూస్తున్న. వేళ్లకు చెమటలు పట్టి బాణం గుర్తు నేను చెప్పిన చోటికి పోతలేదు. ఇంకోటి మూసిన. ఈసారి సెర్చ్ పేజీ వచ్చింది. తెల్లటి డబ్బాల నేను ఎప్పుడో టైప్ చేసిన వాక్యం, గోడకు ఈ చివర నుంచి ఆ చివర దాకా.

"అత్తగారు... బాధపడకుండా... ఇల్లు మారే విషయం... ఎలా చెప్పాలి."

చివరి మాట కాడికి వచ్చేసరికి పంతులుగారి గొంతు తగ్గిపోయింది. ఆయనకు గూడ సంగతి అర్థమైనట్టుంది.

"చదవకండి మాస్టారూ" అన్నడు మామయ్య చిన్నగ.

"కళ్ల ముందు అంత పెద్దగా పెడితే చదవకుండా ఎలా ఉంటామండీ" అన్నడాయన, పాపం అంతకన్నా చిన్నగ.

ఇగ నేను కేబుల్ పట్టుకొని పీకేసిన. గోడ నీలంగ అయింది. వెనక వరసల ఎవరో, ఏం తెల్వనట్టు, "అప్‌డేట్ అయిందా మేడం" అని అడిగిన్రు.

"అయిందండి" అన్న.

తర్వాత ఏం చెప్పిన్నో నాకు జ్ఞాపకం లేదు. ఫోన్ల గురించి ఏదో చెప్పి ముగించినట్టున్న. పోదామంటే శాలువా ఉందన్నరు. ఎవరి చేతుల మీదుగ కప్పించాల్నో వాళ్లు ముందే అనుకున్నరంట. "అత్తగారి చేతుల మీదుగా కోడలికి సన్మానం, చాలా అరుదైన సందర్భం" అని మైకుల చెప్పిన్రు. మంచి మనసుతోనే పెట్టుకున్నరు, వాళ్లదేం తప్పు లేదు. అత్తమ్మ మెల్లగ లేచి వచ్చింది. శాలువా విప్పి నా భుజాల మీద కప్పింది, మడతలు సరిచేసింది. ఫోటో తీస్తుంటే నవ్వింది గూడ. నవ్వుకుంటనే నాకొక్కదానికే వినబడేటట్టు అన్నది:

"బస్సుకు ఆలస్యమైతుంది. పోదాం పా."

బస్సుల ఆమె కిటికీ పక్కన కూసుంది. నేను ఇవతల. ఒళ్లో శాలువా. వచ్చేటప్పుడు పక్కసీటామెతోని అంత మాట్లాడిన మనిషి, పోయేటప్పుడు ఒక్క మాట లేదు. కోదాడ దాటింది. హైవే మీద లారీలు పోతున్నయి. ఆమె బయటికే చూస్తుంది. నేను మనసుల మాటలు కూర్చుకుంటున్న, "అత్తమ్మా, అసలేమైందంటే" అని. ఆ ముక్క తర్వాత ఏం రావాల్నో తెలుస్తలేదు. మునగాల వచ్చేసరికి ఆమెనే నోరు తెరిచింది.

"వంటింటికి కిటికీ లేదు."

"ఏంది అత్తమ్మా?"

"గా ఇంటికి. ముందుగాల ఏసినవ్ గద, మందార చెట్టు ఇల్లు. పక్కన సిన్న సిన్న ఫోటోలున్నయి, వంటిల్లు గూడ ఉంది. కిటికీ లేదు. ఎండాకాలం ఉడికిపోతవ్."

"నీకు చెప్దామనే అనుకున్న అత్తమ్మా. ఎట్ల చెప్పాల్నో తెల్వక..."

"నాకు తెల్సు."

"ఏం తెల్సు?"

"మీరు మారుతున్నది. వాడు చెప్పిండు. మీరిద్దరు అనుకున్న తెల్లారే, చాయ్ తాగుకుంట చెప్పిండు. 'స్వప్న నీకు చెప్తనన్నది, చెప్పేదాక నీకేం తెల్వనట్టే ఉండు' అన్నడు. ఉన్న. ఎన్ని దినాలుండాలె? నువ్వొచ్చి ఎదురుంగ కూసుంటవ్. ఇగ చెప్తది, ఇగ చెప్తది అని నేను సూస్త. ఉప్పు సరిపోయిందా అని అడుగుతవ్. సరిపోయింది బిడ్డా అంట. లేసి పోతవ్."

ఆమె మళ్ల కిటికీ దిక్కు తిరిగింది. బయటికే చూసుకుంట అన్నది:

"ఇల్లు మారుతున్నరని నాకు బాధ లేదు. గా డబ్బాను అడిగినవ్ సూడు, అత్తకెట్ల చెప్పాలె అని, గది జర బాధయింది. నన్నడిగితే చెప్తుంటి గద, నాకెట్ల చెప్పాల్నో."

నాకు నవ్వొచ్చింది, దానెంటనే కండ్లల్ల నీళ్లొచ్చినయి. రెండూ ఒక్కసారే వస్తే ఏది దాచుకోవాల్నో తెల్వదు. శాలువా కొసతోని మొకం తుడుచుకున్న.

"సరే, ఇప్పుడడుగుతున్న. నీకు ఎట్ల చెప్పాలె అత్తమ్మా?"

ఆమె నిజంగనే ఆలోచించింది. అంగన్‌వాడీల పిల్లలకు పాట నేర్పే ముందు గొంతు సవరించుకునేటట్టు సవరించుకొని చెప్పింది. "'అత్తమ్మా, మనం మిర్యాలగూడ పోతున్నం, బట్టలు సదురుకో' అనాలె. గంతే."

"మరి మన గల్లీ? అందరిని ఇడిసిపెట్టి..."

"మిర్యాలగూడల గల్లీలు లేవా?" అన్నది.

ఇల్లు చేరేసరికి మా ఆయన గుమ్మంల నిలబడి ఉన్నడు. మామయ్య ముందే ఫోన్ చేసినట్టుంది, మొకం చూస్తేనే తెలుస్తుంది. నేనేం అనకముందే "పాలు అయిపోయినయి, తెస్త" అని చెప్పులేసుకున్నడు. ఫ్రిజ్ల పాలున్నయి.

"ఆగండి. ఒట్టు పెట్టిన్రు గద" అన్న.

"చాయ్ తాగుకుంట అమ్మ ఎదురుంగ కూసుంటే నాకు వేరే మాట రాదు స్వప్నా. ఏముందో అదే వస్తది" అన్నడు.

ఉప్పు సంగతి అడగాల్సింది అని నేను అనలే. అత్తమ్మే అన్నది.

ఆ తెల్లారి నుంచి ఫోన్లు మొదలైనయి. అన్నీ కోదాడ నుంచే. మిర్యాలగూడలో మా తమ్ముడి ఇంటి పైపోర్షన్ ఖాళీగా ఉందమ్మా అని ఒకరు. ఆ మందార చెట్టు ఇల్లు వద్దు, వానొస్తే వీధిలో నీళ్లు నిలబడతాయి అని ఇంకొకరు. చివరికి పంతులుగారే చేసిండు. ముందు క్షమించమన్నడు, చదవకుండ ఉండాల్సిందన్నడు. నేను "మీరు చదవకపోతే నేను ఇప్పటికీ చెప్పకపోదును సార్" అన్న. అప్పుడాయన తేలికపడి, మిర్యాలగూడల వాళ్ల బిడ్డ ఇంటి పక్కన కింది పోర్షన్ ఖాళీ ఉంది, పెద్దామెకు మెట్లెక్కే బాధుండదు అన్నడు. అత్తమ్మ ఫోన్ గుంజుకొని నేరుగ అడిగింది, వంటింటికి కిటికీ ఉందా అని. ఉంది, రెండు దిక్కుల ఉంది అన్నడు. ఇగ ఇల్లు ఖాయమైంది. వచ్చే నెల పోతున్నం. నాతోపాటు అడ్వాన్స్ ఇయ్యనీకి వచ్చిన నాడే అత్తమ్మ ఎదురింటామె పేరు, ఆమె కోడలి ఊరు తెలుసుకొని వచ్చింది.

నిన్న కోదాడ మామయ్య మళ్ల చేసిండు.

"అమ్మా, నువ్వేమీ అనుకోకు గానీ, మా సంఘంలో ఎన్నో క్లాసులు పెట్టించాను. నీ క్లాసు పనిచేసినట్టు ఇంకెవరిదీ పనిచేయలేదు. మావాళ్లు ఇంటికి పోగానే కంప్యూటర్లు, ఫోన్లు ముందేసుకొని కూర్చున్నారట. అన్నం కూడా తర్వాతేనట."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఎట్ల చెప్పినా, చెప్పాల్సింది వాళ్లకు ఎక్కింది గద అనుకున్న. "అందరు అప్‌డేట్ చేసుకున్నరా మామయ్యా?"

"అప్‌డేట్ సంగతి నాకు తెలియదమ్మా. తెరిచిపెట్టినవన్నీ మాత్రం ఒక్కటి మిగలకుండా మూసేసుకున్నారు."

నేను చెప్పింది ఒకటి, వాళ్లు నేర్చుకున్నది ఒకటి. కాలేజీల గూడ నా సంగతి గింతే.